కార్జం, కాలేయం, కిడ్నీ

ఒంట్లోని భాగాలకు తెలుగులో పేర్లు చాలకే సంస్కృతం తెచ్చుకున్నామని చాలామంది నమ్మకం. నాకు ఆ లెక్క కుదరదు.

కన్ను, చెవి, ముక్కు ద్రావిడ భాషల ఉమ్మడి సొత్తు. వీటితో పేచీ లేదు. పేచీ అంతా చర్మం లోపలి పేర్లతోనే. మాంసం కొట్టులో కార్జం ఉండగానే పుస్తకంలోకి కాలేయం వచ్చింది.

జనం వాడే మాటే పుస్తకంలోనూ ఉండాలన్న 1906 తర్వాతి వ్యావహారిక వాదాన్ని కావ్యభాష తగువుగా చెప్పడం ఆనవాయితీ. శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి, విజయనగరంలో జీవించిన గురజాడ అప్పారావు పట్టుబట్టింది బడి చదువు కోసం కూడా. గురజాడ 1914 అసమ్మతి పత్రం పుట్టింది పరీక్షల్లో రాయాల్సిన తెలుగు గురించే. గిడుగు గిరిజనులైన సవరల నోట విని వాళ్ల భాష నేర్చుకున్నాడు. 1931లో దాని వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. సవరలో చెయ్యి, కాలు వంటి పేర్లు పొట్టివై క్రియలోనే కలిసిపోతాయి. పుస్తకంలో లేని మాట భాషలోనే లేదనడం ఎంత తప్పో ఆయనకు అక్కడే తెలిసి ఉంటుంది.

అలాగని తప్పంతా పండితులది కాదు. ఊపిరితిత్తులు, వెన్నుపాము, పక్కటెముకలు పాఠ్యపుస్తకాల్లో నిలిచాయి. కడుపు అంటే జీర్ణాశయమూ కావచ్చు, గర్భాశయమూ కావచ్చు. అక్కడ విడి పేర్లు కావలసిందే. కాని సంస్కృతమైనంత మాత్రాన స్పష్టత రాదు. క్లోమం ఏ అవయవమో ఆయుర్వేద వ్యాఖ్యాతలకే ఏకాభిప్రాయం లేదు. మనం దాన్ని పాంక్రియాస్‌కు కట్టేశాం. లాటిన్‌కూ ఇదే అవస్థ: 1895లో శరీర నిర్మాణ శాస్త్రజ్ఞులు ఒప్పుకున్న బాసెల్ జాబితా సుమారు 50,000 పేర్లను 5,000కు కుదించాకే గందరగోళం తగ్గింది. స్పష్టత ఒప్పందం వల్ల వస్తుంది.

1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పారిభాషిక పదకోశాలతో అలాంటి ఒప్పందమే తెచ్చింది. మెచ్చదగిన పనే. అయితే అది తరగతి గది దాటి రోగి మంచం దాకా రాలేదు.

శ్రీకాకుళం జిల్లాలో మూత్రపిండాల జబ్బు పీడిస్తున్న ఉద్దానం చూడండి. కవిటి, సోంపేట, పలాస ఊళ్లలో ఎవరూ మూత్రపిండం అనరు. కిడ్నీ అంటారు; క్రియాటినిన్ ఎంతుందో చెబుతారు. 2023లో పలాసలో తెరిచిన పరిశోధన కేంద్రం పేరులోనూ కిడ్నీయే. వాడుకే ప్రమాణమన్న గిడుగు సూత్రం ప్రకారం అది ఇప్పుడు తెలుగు మాటే, ఒప్పుకుంటాను. కాని ఆ మాటను వాళ్లకు బడి నేర్పలేదు, జబ్బు నేర్పింది.