చెవికి రాని ఇంగ్లీషు

స్వర్ణోత్సవ సంచికలో మన బడి భవనాల గురించి, ర్యాంకుల గురించి మిత్రులు ఎలాగూ రాస్తారు. ఇక్కడే చదివి, తర్వాత ఇంగ్లీషు మాస్టారుగా రిటైరైన నేను, మన టైంటేబుల్‌లో ఎన్నడూ చోటు దొరకని ఒక చదువు చరిత్ర రాస్తాను. అది ఇంగ్లీషులో పాఠం విని నోట్సు రాసుకోవడం.

మాది తెలుగు మీడియం. ఆరో తరగతిలో ఏబీసీడీలు. మాస్టారు రీడరులో వాక్యం చదివి తెలుగులో అర్థం చెప్పేవారు. జవాబులు బోర్డు మీద రాస్తే ఎక్కించుకునేవాళ్లం. పబ్లిక్ పరీక్షకు మా చేతిరాతతోనే పని, చెవితో కాదు. అందుకే ఇంటర్‌లో ఇంగ్లీషు మీడియం తీసుకున్న మావాళ్లు ఫిజిక్సు రాక కాదు, లెక్చరరు మాట అందక వెనకబడ్డారు. కొందరు మధ్యలోనే మానేశారు.

దీనికి కారణం తెలివి తక్కువై కాదు. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, ప్రతి అక్షరమూ వినిపిస్తుంది. ఇంగ్లీషులో ముఖ్యమైన మాటను ఒత్తి పలికి, ‘ఆఫ్’, ‘టు’, ‘ఫర్’ లాంటివి మింగేస్తారు. పుస్తకంలో తెలిసిన మాటే చెవికి కొత్తగా తోస్తుంది.

ఇంగ్లీషు బోధనను మెరుగుపరచడానికి 1958లోనే హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ వెలిసింది. అదే నేటి ఇఫ్లూ. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన వాల్టర్ పాక్ నోట్సు పద్ధతి 1962 నాటి ఆయన పుస్తకంతో ప్రచారమైంది. మన పల్లె బడికి మాత్రం ఈ రెండూ ఆలస్యంగానే చేరాయి.

పాక్ పద్ధతినే నా తరగతిలో వాడాను. మొదటిసారి పెన్ను కింద పెట్టి వినడం. రెండోసారి ‘ఫస్ట్’, ‘బట్’, ‘ఫర్ ఎగ్జాంపుల్’ లాంటి మలుపు మాటలు పట్టుకుని, పేజీ కుడివైపు వాక్యాలు కాక ముక్కలే రాయడం. తెలుగు మాట కలిసినా తప్పులేదు. ఇంటికెళ్లాక ఎడమవైపు ప్రశ్నలు, అడుగున రెండు వాక్యాల సారాంశం. మర్నాడు కుడివైపు మూసి జవాబులు చెప్పాలి.

ఇప్పుడు ప్రభుత్వ బడుల్లోకీ ఇంగ్లీషు మీడియం వచ్చింది. పుస్తకం మారినంత తేలిగ్గా చెవి మారదు. డాక్టర్లు, ఇంజనీర్లు, బ్యాంకు ఉద్యోగులైన మన పూర్వ విద్యార్థులకు ఒక్క విన్నపం. ఊరికి వచ్చినప్పుడు బడికి వెళ్లి, మీ వృత్తి గురించి పది నిమిషాలు నిదానంగా ఇంగ్లీషులో చెప్పండి. పిల్లలు నోట్సు రాసుకుంటారు. అది చూసి దిద్ది రండి. భవన నిధికి ఇచ్చే చందా కంటే అది తక్కువేమీ కాదు.