రైలు బొమ్మల గదిలో పుట్టిన కంప్యూటర్ ఆట

1962 మే నెలలో అమెరికాలోని ఎంఐటీ (మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ) తలుపులు తెరిచి, తన ప్రయోగశాలలు చూడమని జనాన్ని పిలిచింది. వచ్చినవాళ్లకు ఒక గుండ్రటి తెర మీద రెండు చిన్న అంతరిక్ష నౌకలు తిరుగుతూ, ఒకదాన్నొకటి కాల్చుకుంటూ కనిపించాయి. ఆ ఆట పేరు 'స్పేస్‌వార్'. వీడియో గేముల చరిత్ర రాసేవారు ఎవరైనా దాని దగ్గర ఆగాల్సిందే. దాని పుట్టుక ఎక్కడని వెతుక్కుంటూ వెళితే ఒక విద్యార్థి సంఘం గదికి చేరతాం. ఆ సంఘం పని బొమ్మరైళ్లు నడపడం!

టెక్ మోడల్ రైల్‌రోడ్ క్లబ్ 1946లో మొదలైంది. దాని చిరునామా బిల్డింగ్ 20. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1943లో, రాడార్ పరిశోధన కోసం హడావుడిగా లేపిన మూడంతస్తుల చెక్క కట్టడమది. యుద్ధం అయిపోయాక కూల్చేద్దామని కట్టినది కాస్తా 1998 దాకా నిలిచింది. ఎండాకాలం ఉక్కపోత, చలికాలం వణుకు. అయినా అందులో పనిచేసినవాళ్లకు దానిమీద ఎనలేని ప్రేమ. గోడకు కన్నం వేయాలన్నా, పైకప్పు వెంట తీగ లాగాలన్నా ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఎలాగూ పడగొట్టేదే కదా! భాషాశాస్త్రవేత్త నోమ్ చామ్‌స్కీ గదీ, బోస్ స్పీకర్లతో పేరుపొందిన అమర్ బోస్ ధ్వని పరిశోధనా ఒకప్పుడు ఆ కప్పు కిందే ఉండేవి.

క్లబ్ గదిని దాదాపు నింపేసేంత పెద్ద బల్ల. దానిమీద పట్టాలు, స్టేషన్లు, కొండలు, ఊళ్లు. సభ్యుల్లో కొందరికి ఆ పైభాగమే లోకం. అసలు ఇంజిన్లను చూసి అచ్చం అలాగే నమూనాలు చేసి రంగులు వేసేవారు. ఇంకొందరి మనసంతా బల్ల కిందే. వాళ్లది 'సిగ్నల్స్ అండ్ పవర్' ఉపసంఘం. ఒకే పట్టాల మీద పలువురు వేర్వేరు రైళ్లు నడపాలి, ఒకటి ఇంకొకదానికి అడ్డురాకూడదు. ఏ ముక్క పట్టా ఏ క్షణంలో ఎవరి అదుపులో ఉండాలో టెలిఫోన్ డయల్ తిప్పి చెబితే, కింద ఉన్న రిలేలు టకటకమంటూ దారి మార్చేవి. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో వాడే రిలేలే అవి. బల్ల కిందో పైనో 40 గంటలు పనిచేసి చూపించినవారికి గది తాళంచెవి ఇచ్చేవారు. ఆ తర్వాత పగలైనా అర్ధరాత్రైనా వచ్చి పని చేసుకోవచ్చు.

కంప్యూటర్‌తో ఈ గదికి చుట్టరికం కుదిరింది ఆ రిలేల వల్లే. రిలే అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చు. తెరుచుకోవడం, మూసుకోవడం, అంతే. ఆ రెండు స్థితులతో ఎంత చిక్కు తర్కాన్నైనా నడపవచ్చని 1937లో ఇదే ఎంఐటీలో చదువుతున్న క్లాడ్ షానన్ తన మాస్టర్స్ పరిశోధన వ్యాసంలో చూపించాడు. బొమ్మరైళ్ల కోసం తీగలు కలుపుతున్న కుర్రాళ్లు తమకు తెలియకుండానే ఆ తర్కాన్ని చేతివేళ్లకు అలవాటు చేసుకున్నారు.

అప్పట్లో క్యాంపస్‌లో పెద్ద కంప్యూటర్ ఐబీఎం 704. దాన్ని విద్యార్థులు ముట్టుకోవడానికి వీల్లేదు. ప్రోగ్రాంను కార్డుల మీద చిల్లులుగా కొట్టి ఆపరేటర్లకు అప్పగించి, ఫలితం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడాలి. 1959 వసంతంలో అధ్యాపకుడు జాన్ మెకార్థీ మొదటి ఏడాది విద్యార్థులకు ప్రోగ్రామింగ్ పాఠాలు మొదలుపెట్టినప్పుడు అలన్ కోటాక్, పీటర్ శాంసన్ వంటి క్లబ్ మిత్రులు ఆ తరగతిలో కూర్చున్నారు. పాఠం బాగుంది, యంత్రం మాత్రం అందడంలేదు.

యంత్రానికి దారి తెరిచినవాడు జాక్ డెనిస్. ఆయన ఆ క్లబ్ పాత సభ్యుడే. లింకన్ ల్యాబరేటరీ అనే పరిశోధనశాలలో ట్రాన్సిస్టర్లతో తయారైన టీఎక్స్-0 యంత్రం 1958లో ఎంఐటీకి వచ్చింది. దాని ముందు మనిషి కూర్చుని టైపు చేయవచ్చు, తెరమీద ఫలితం అప్పటికప్పుడు చూడవచ్చు. క్లబ్ పిల్లలను డెనిస్ దాని దగ్గరికి రానిచ్చాడు. ఎవరూ అడగని రాత్రి గంటలు వాళ్లవయ్యాయి. శాంసన్ ఆ యంత్రం స్పీకర్‌తో సంగీతం పలికించాడు. బాబ్ వాగ్నర్ తన హోంవర్క్ కోసం దాన్నే లెక్కల మిషన్‌గా మార్చి, ఆ ప్రోగ్రాంకు 'ఎక్స్‌పెన్సివ్ డెస్క్ కాలిక్యులేటర్' అని పేరు పెట్టాడు. ముచ్చటైన పనితనానికి వాళ్లు వాడుకున్న మాట 'హ్యాక్'. హ్యాకర్ అనిపించుకోవడం ఆ గదిలో బిరుదు.

1961లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీ తన పీడీపీ-1 యంత్రాన్ని ఎంఐటీకి ఇచ్చింది. దీన్ని ఎలా వాడితే బాగుంటుందని మిత్రులు తలలు పట్టుకుంటే, అంతరిక్ష యుద్ధం ఆట ఆలోచన తట్టింది. రాసే బాధ్యత వాళ్లలో ఒకడైన స్టీవ్ రస్సెల్ నెత్తిన పడింది. సైన్, కొసైన్ లెక్కలు చేసే రొటీన్ (చిన్న ప్రోగ్రాం) లేదని అతడు జాప్యం చేస్తుంటే, కోటాక్ కంపెనీకి వెళ్లి దాన్ని తెచ్చి అతడి ముందు పెట్టాడు. 1962 ఆరంభానికి ఆట సిద్ధమైంది. అక్కడి నుంచి తలా ఒక చెయ్యి వేశారు. శాంసన్ నిజమైన నక్షత్రాల పటాన్ని నేపథ్యంలో చేర్చాడు. డాన్ ఎడ్వర్డ్స్ మధ్యలో ఉన్న నక్షత్రానికి గురుత్వాకర్షణ ఇచ్చాడు. మార్టిన్ గ్రేట్జ్ ఆపదలో మాయమయ్యే ఉపాయం అమర్చాడు. యంత్రం మీది స్విచ్చులతో ఆడీ ఆడీ మోచేతులు నొప్పిపుడుతుంటే, కోటాక్, క్లబ్ మిత్రుడు బాబ్ సాండర్స్ కలిసి రైలు క్లబ్‌లో దొరికిన సామాన్లతో చేతిలో పట్టుకునే కంట్రోల్ పెట్టెలు చేశారు. ఆట ఎవరి సొత్తూ కాలేదు. అడిగినవారికల్లా ఇచ్చారు, యంత్రం ఉన్న చోటికల్లా అది వెళ్లింది. దాన్ని చూసి ఉత్సాహపడిన నోలన్ బుష్‌నెల్ 1971లో 'కంప్యూటర్ స్పేస్' తెచ్చాడు. ఆ మరుసటి ఏడాది అతడి అటారీ సంస్థ 'పాంగ్' ఆటతో ఒక పరిశ్రమకే తెరలేపింది.

ఈ కథలో ఒక పెద్ద లోటు ఉంది. పైన చెప్పిన పేర్లలో ఒక్క ఆడపిల్ల పేరూ లేదు. ఎంఐటీలోనే అమ్మాయిలు చాలా కొద్దిమందే ఉన్న రోజులవి. రాత్రంతా తెరిచి ఉండే తలుపు సగం మందికే తెరుచుకుంది. ఆ గది ఇవ్వగలిగింది ఇంకా ఎంత ఉండేదో మనం కోల్పోయాం.

ఈ కథకు తెలుగు నేలతోనూ ఒక బంధం ఉంది. ఆ కుర్రాళ్లకు పాఠం చెప్పిన మెకార్థీ 1962లో స్టాన్‌ఫర్డ్‌కు వెళ్లాడు. అక్కడ ఆయన దగ్గర పరిశోధన చేసి 1966లో డాక్టరేట్ పొందినవాడు చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి. మనిషి మాటను గుర్తుపట్టడం యంత్రానికి నేర్పే కృషికి పునాదులు వేసి, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్నాడు.

మన ఇంజినీరింగ్ కళాశాలల్లోనూ క్లబ్బులకు కొదవలేదు. బోర్డులుంటాయి, ప్రారంభోత్సవాలుంటాయి. సాయంత్రం అయిదు గంటలకు ల్యాబుకు తాళం పడుతుంది. పరికరం పాడవుతుందన్న భయంతో అది అద్దాల బీరువా దాటదు. బిల్డింగ్ 20 కుర్రాళ్లకు దొరికినవి మూడే: పాడైనా ఫర్వాలేదనుకునే గది, విప్పి చూడగల సామాను, తాళంచెవి ఇచ్చేంత నమ్మకం. వీటిలో మొదటి రెండింటికీ పెద్దగా డబ్బు అక్కర్లేదు. మూడోదానికి పైసా ఖర్చు లేదు. కాలేజీ నడిపే పెద్దలు అక్కడినుంచే మొదలుపెట్టాలి, ఈసారి ఆ తాళంచెవి అమ్మాయిల చేతికీ ఇవ్వాలి.