ఆయాసరోగి కంచంలో అన్నం

పొగ వల్లనో దుమ్ము వల్లనో ఊపిరితిత్తులు శాశ్వతంగా దెబ్బతిని, ఏళ్ల తరబడి ఆయాసపడే స్థితిని సి.ఓ.పి.డి. అంటాము. మీ ఇంట్లో అటువంటి పెద్దవారు ఉంటే వారి పాత ఫొటోతో ఇప్పటి ముఖాన్ని పోల్చి చూడండి. దవడలు పీక్కుపోయి, చొక్కా వదులైపోయి ఉంటే ఆ నెపాన్ని వయసు మీదికి నెట్టకండి. వైద్యులమైన మేమే చాలాకాలం ఆ పొరపాటు చేశాము.

1950లలో ఇంగ్లండు వైద్యులు ఈ రోగులను రెండు రకాలుగా వర్ణించసాగారు. బక్కచిక్కి, ఎగశ్వాసతో ఉన్నా ఒంటి రంగు చెడనివాడు ‘పింక్ పఫర్’. ఒళ్లు నీరుపట్టి, పెదవులు నీలిబడినవాడు ‘బ్లూ బ్లోటర్’. విద్యార్థి దశలో ఈ పేర్లు కంఠస్థం చేశాము. మార్కులు వచ్చాయి. ఆ మొదటివాడు ఎందుకు చిక్కిపోయాడని మాత్రం ఎవరమూ అడగలేదు. ప్రాణవాయువు ఖర్చు తగ్గించుకోవడానికి శరీరమే బరువు దించుకుంటున్నదన్న వాదన కూడా ఉండేది. కట్టెల పొయ్యి ముందు జీవితమంతా వంట చేసిన ఒక అవ్వ కొడుకుతో, “ఈ జబ్బులో చిక్కిపోవడం మామూలే, కంగారు పడకు” అని నేనే అన్నాను. ఆ మాట ఇప్పటికీ గుచ్చుతుంది.

1980లలో అన్నం మీద అనుమానం మొదలైంది. పిండిపదార్థం దహనమైతే వాడుకున్న ప్రాణవాయువుకు సమానంగా బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. కొవ్వు అయితే పదికి ఏడు పాళ్లే. కనుక కొవ్వు పెంచమన్నారు. లెక్కలో తప్పు లేదు. అయితే 1992లో వెంటిలేటర్ మీదున్న రోగులను పరిశీలించినప్పుడు, మొత్తం ఆహారం మితంగా ఉన్నంతవరకు పిండిపదార్థం పాలు మార్చినా ఆ వాయువు పెద్దగా పెరగలేదని, అతిగా ఇచ్చినప్పుడే పెరిగిందని తేలింది.

అసలు మలుపు 1998లో నెదర్లాండ్స్‌లో వచ్చింది. ఎనిమిది వారాల్లో రెండు కిలోలకు మించి బరువు పెరిగిన రోగులు ఎక్కువకాలం జీవించారని ఆనెమీ షోల్స్ బృందం చూపింది. 2004లో వెలువడిన ‘బోడ్’ సూచికలో ఊపిరి పరీక్ష సరసన బరువుకూ చోటు దక్కింది, బి.ఎం.ఐ. 21 గాని, అంతకు తక్కువ గాని ఉంటే ప్రమాదం ఎక్కువని లెక్క.

ఈ రోగుల్లో ఊపిరి కండరాలు రాత్రింబవళ్లు అదనంగా శ్రమిస్తాయి. ఉబ్బిన ఊపిరితిత్తులు పొట్టను కిందికి నొక్కడంతో నాలుగు ముద్దలకే ఆయాసం వస్తుంది. అందుచేత రోజుకు ఐదారుసార్లు కొద్దికొద్దిగా పెట్టండి: మెత్తని అన్నంలో ముద్దపప్పు, చెంచాడు నెయ్యి, గుడ్డు, పెరుగు. స్థూలకాయం, మధుమేహం ఉన్నవారు నెయ్యి సంగతి తమ వైద్యుణ్ణి అడగాలి. భోజనానికి ముందు కాసేపు విశ్రాంతి తీసుకోనివ్వండి. నెలకోసారి బరువు తూచి గోడ క్యాలెండరు మీద రాయండి. తగ్గుతూ వస్తుంటే ఆ అంకెలు వైద్యునికి చూపండి; ఆయన అడగకపోయినా చూపండి.