ఎలుక చెప్పిన కబురు

అమ్మానాన్నల్లో ఒకరికి హంటింగ్టన్ వ్యాధి ఉంటే, బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. చాలామందిలో ఇది ముప్ఫై, నలభై ఏళ్ల వయసులో బయటపడుతుంది. అప్పటికే పెళ్లయి, పిల్లలు పుట్టి ఉంటారు. కాళ్లూ చేతులూ వాటంతటవే కదులుతాయి. మాట తడబడుతుంది, మనిషి తీరే మారిపోతుంది. 1872లో జార్జ్ హంటింగ్టన్ అనే అమెరికన్ యువ వైద్యుడు దీన్ని వివరంగా వర్ణించారు.

ఈ జబ్బుతోనే తల్లిని పోగొట్టుకున్న నాన్సీ వెక్స్‌లర్, దాని మూలం కనుక్కోవాలని పట్టుబట్టారు. వెనిజులాలో మరకైబో సరస్సు ఒడ్డున తరతరాలుగా దీన్ని మోస్తున్న కుటుంబాల మధ్యకు ఏటేటా వెళ్లి రక్త నమూనాలు సేకరించారు. లోపం నాలుగో క్రోమోజోముపై ఉందని 1983లో తేలింది. 1993లో జన్యువు దొరికింది. అందులో సీఏజీ అనే మూడు డీఎన్‌ఏ అక్షరాలు పదే పదే వస్తుంటాయి. అవి 40 సార్లు, అంతకు మించి వస్తే జబ్బు తప్పదు.

అయితే ఆ అక్షరాలు మెదడును ఎలా పాడుచేస్తున్నాయి? మరణించినవారి మెదడులో చివరి దశే కనిపిస్తుంది. ఇల్లు కాలిపోయాక బూడిద చూసి నిప్పు ఎక్కడ రాజుకుందో చెప్పలేం కదా!

లండన్‌లోని గైస్ ఆసుపత్రిలో గిలియన్ బేట్స్ బృందం అప్పటికి మరో ప్రశ్న వెంట ఉంది. తరం మారేకొద్దీ సీఏజీల సంఖ్య ఎందుకు పెరుగుతోంది? అది తెలుసుకోవడానికి మనిషి జన్యువులోని మొదటి ముక్కను, బాగా పెరిగిన సీఏజీలతో సహా, ఎలుక పిండంలోకి చేర్చారు. పుట్టిన ఎలుకలు కొన్ని వారాలకే వణకసాగాయి. తోక పట్టి పైకెత్తితే, కాళ్లు చాపాల్సిందిపోయి దగ్గరికి ముడిచి బిగించేశాయి. అనుకోకుండా ఆ జబ్బు ఎలుకలోకి వచ్చింది! 1996లో ఈ సంగతి ప్రచురితమైంది. ఆర్6/2 అన్న పేరుతో ఆ ఎలుకల సంతతి ఎన్నో ప్రయోగశాలలకు చేరింది.

మరుసటి ఏడాది స్టీఫెన్ డేవిస్, బేట్స్ తదితరులు ఆ ఎలుకల మెదడు కణ కేంద్రకాల్లో, ఆ జన్యువు నుంచి తయారైన ప్రోటీన్ ముద్దలను చూశారు. లక్షణాలు కనిపించకముందే అవి ఏర్పడుతున్నాయి. అదే ఏడాది రోగుల మెదళ్లలోనూ అలాంటివి దొరికాయి. ఎక్కడ వెతకాలో ఎలుకే చూపించింది.

అసలు కబురు 2000లో వచ్చింది. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ఐ యమామోటో, రెనే హెన్ బృందం స్విచ్చు ఉన్న ఎలుకను తయారుచేసింది. దానికి డాక్సీసైక్లిన్ మందు ఇస్తే హానికర జన్యువు పనిచేయడం ఆగిపోతుంది. జబ్బు ముదిరాక ఆ స్విచ్చు ఆపారు. ముద్దలు కరిగిపోయాయి. ఎలుకల కదలికలు మెరుగుపడ్డాయి.

అంటే కణాలన్నీ చచ్చిపోలేదు, జబ్బుపడ్డాయంతే. అయితే ఎలుకలో జరిగినదల్లా మనిషిలో జరగదు. ఆ జన్యువు తయారుచేసే ప్రోటీన్‌ను తగ్గించే టోమినర్సెన్ మందుపై పెద్ద ప్రయోగం 2021లో మధ్యలోనే ఆగింది. ఆ వార్తతో ఎన్నో కుటుంబాలు కుంగిపోయాయి. అయినా పరిశోధకులు ఈ దారి వదల్లేదు. లక్షణాలు కనిపించాక కూడా మెదడు కొంత వెనక్కి మళ్లగలదని ఒక చిన్న ప్రాణి వాళ్ల కళ్లముందే చూపించింది మరి.