బడిలో కవాతు: శాన్‌ఫ్రాన్సిస్కో తగువు

అమెరికా ప్రభుత్వ హైస్కూళ్లలో నడిచే జూనియర్ ఆర్‌ఓటీసీ అనే సైనిక శిక్షణ 1916 నాటి జాతీయ రక్షణ చట్టంతో పుట్టింది. యూనిఫాం, కవాతు, ర్యాంకులు చూస్తే మన ఎన్‌సీసీకి దూరపు చుట్టంలా ఉంటుంది. కాకపోతే అక్కడ అది టైంటేబుల్లో ఒక సబ్జెక్టు. చెప్పేది ఎక్కువగా రిటైరైన సైనికులు.

మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక దీనిపై నిరసన సంఘటితమైంది. విద్యలో సైనికీకరణను ఎదిరించడానికి 1925లో ఒక జాతీయ కమిటీ ఏర్పడింది. తత్వవేత్త జాన్ డ్యూయీ దానికి అండగా నిలిచాడు. నిర్బంధ కవాతుపైనే అది ఎక్కువగా పోరాడి, 1940లో మూతపడింది. 1964 చట్టంతో ఈ శిక్షణ నౌకా, వైమానిక దళాలకూ విస్తరించింది. 1992 లాస్ ఏంజెలెస్ అల్లర్ల తరువాత త్రివిధ దళాధిపతుల సంయుక్త కమిటీ అధ్యక్షుడు కోలిన్ పావెల్ చొరవతో నగరాల్లోని పేద బడులకు మరింతగా చేరింది. పేదపిల్లల్ని సైన్యంలోకి లాగడానికే ఇదంతా అన్న విమర్శ అప్పుడు బలపడింది.

వివాదం బాగా ముదిరింది శాన్‌ఫ్రాన్సిస్కోలో. 2006 నవంబరులో పాఠశాల బోర్డు 4–2 ఓట్లతో ఈ శిక్షణను క్రమంగా ఎత్తివేయాలని తీర్మానించింది. స్వలింగ సంపర్కులమని బయటికి చెప్పుకున్నవారికి సైన్యంలో అప్పటికి చోటు లేదు. అలాంటి సంస్థకు మా బడుల్లో చోటేమిటన్నది బోర్డు ప్రధాన వాదన. ఆశ్చర్యమేమంటే, గట్టిగా అడ్డుపడింది సైన్యం కాదు, క్యాడెట్లే. వారిలో చాలామంది ఆసియా మూలాల కుటుంబాల పిల్లలు. తమకు స్నేహాలూ నాయకత్వమూ అబ్బింది అక్కడేనని సభల్లో చెప్పారు.

2008లో బోర్డు మరో మార్గం పట్టింది. ఈ శిక్షణకు వ్యాయామ విద్య కింద ఇచ్చే క్రెడిట్ తీసేసింది. చేరేవారి సంఖ్య బాగా పడిపోయింది. పిల్లల్ని తెచ్చిన వాటిలో దేశభక్తితో పాటు ఆ క్రెడిట్‌కూ వాటా ఉందన్నమాట. అదే ఏడాది నవంబరులో, సలహా కోసం జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో ఓటర్లు శిక్షణ వైపే మొగ్గారు. సైనిక రిక్రూటర్లు బడుల్లోకి రాకూడదని 2005లో ఓటేసిందీ ఈ నగరమే! 2009 మేలో బోర్డు 4–3 ఓట్లతో శిక్షణను నిలబెట్టింది.

తరువాత వ్యతిరేకుల దృష్టి మళ్లీ 1925 నాటి ప్రశ్నకే మళ్లింది: చేరాలా వద్దా అని పిల్లల్ని అడుగుతున్నారా? షికాగోలో కొన్ని బడులు తొమ్మిదో తరగతి వారందరినీ దాదాపు అడగకుండానే చేర్చేశాయని అక్కడి పాఠశాలల ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయమే తేల్చింది.