కింగ్‌కోఠీ ఫర్మాను, నాంపల్లి టౌనుహాలు

ఆబిడ్సు కూడలికి ఒక దెస కింగ్‌కోఠీ, మరియొక దెస నాంపల్లి పబ్లిక్ గార్డెన్సు. రెండింటి నడుమ దూరము రెండు మైళ్లకు మించదు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాను వస్త్రాగారమును చూచుచుండిన ఆల్బర్టు ఆబిదు ఇచట దుకాణము తెరచుటచే ఈ పేటకు ఆ పేరు వచ్చినది. ప్రభువు దయ పొందినవాని పేరు వీధికి నిలిచినది. దయ తప్పినవాడు తన గోడు ఎవరికి చెప్పుకొనవలెను?

పబ్లిక్ గార్డెన్సులోని తెల్లని గుమ్మటముల భవనమును శ్రోతలలో పలువురు చూచియే యుందురు. ఆరవ నిజాము నలుబదవ జన్మదినమునకు గుర్తుగా పురజనులు చందాలు వేసికొని కట్టించిన టౌనుహాలు అది. 1905లో పునాది పడి, 1913లో పూర్తియైనది. హాలు ప్రజలదే, అందు ప్రభుత్వమును నిలదీయు హక్కు మాత్రము వారికి లేదు.

మరుసటి ఏడే, అనగా 1914లో, ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాను మూడవ సాలార్‌జంగును దివాను పదవి నుండి తొలగించి, మరియొకరిని నియమింపక, అయిదేండ్లు తానే పాలన సాగించెను. దివాను ఉన్న రోజులలో తప్పును అతనిపై నైనను మోపవచ్చును. ఇప్పుడు కింగ్‌కోఠీ నుండి వెలువడిన ఫర్మానే చట్టము. దానిపై మొర కూడ కింగ్‌కోఠీకే. విశ్వవిద్యాలయము, ఆసుపత్రి, జలాశయములు ఆ ప్రభువు కాలమున వెలసిన మాట నిజము. మేము దానిని కాదనము. కాని మేలు చేయుట వేరు, లెక్క చెప్పుట వేరు.

1919లో సర్ అలీ ఇమాము అధ్యక్షుడుగా కార్యనిర్వాహక మండలి ఏర్పడినది. దాని సభ్యులను నియమించునది నిజామే, తొలగించునది నిజామే. 1926లో వైస్రాయి లార్డు రీడింగు బ్రిటిషు సార్వభౌమత్వమును గూర్చి ఘాటైన లేఖ వ్రాసెను. ఆ లేఖతో నిజాము పైవారికి జవాబుదారి యయ్యెనేమో గాని, క్రిందనున్న రైతుకు కాలేదు. అయ్యంగారు సంఘము సిఫారసులపై 1939లో ప్రకటించిన సంస్కరణలును అట్టివే: 85 మంది సభలో ఎన్నికైనవారు 42 మంది, మంత్రులు ఆ సభకు బాధ్యులు కారు.

1952 మార్చిలో బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వము ఏర్పడి, టౌనుహాలు ఎన్నికైన శాసనసభకు నిలయమైనది. ఆరు నెలలు తిరుగకముందే, సెప్టెంబరు 3, 4 తేదీలలో, ముల్కీ ఉద్యమమున పోలీసు కాల్పులు జరిగి విద్యార్థులు, పౌరులు నేలకొరిగిరి. ఎన్నికైన ప్రభుత్వము చేతను తుపాకి ఉన్నదని నగరము ఎరిగినది. అయినను ఒక భేదము లేకపోలేదు. హైకోర్టు న్యాయమూర్తి పింగళి జగన్మోహనరెడ్డిని ప్రభుత్వము విచారణకు నియమింపవలసి వచ్చినది. తుపాకి పేల్చినది ఎవరు, ఆజ్ఞ ఎవరిది అని అడుగుటకు ఒక పీఠము ఏర్పడినది. ఫర్మానుల కాలమున అట్టి పీఠము ఊహకైనను అందదు.

విచారణతో కాల్పులు ఆగలేదు. 1969లో మరల తెలంగాణ వీధులలో తుపాకులు ప్రేలినవి. ఆ మృతుల స్మారక స్తూపమును శిల్పి ఎక్కా యాదగిరిరావు మలచెను. అది శాసనసభ ఎదుట, గన్‌పార్కులో ఉన్నది.