కాకతీయ వంశవృక్షమునందలి కొన్ని ప్రమాదములు

ఓరుగంటి కాకతీయుల వంశక్రమము నేడు బాలుర పాఠ్యపుస్తకములయందు సైత మొక్క పుటలో నిమిడియుండును. ఆ పుట యంత తేలికగా సిద్ధింపలేదు. అందు తండ్రికి కూతురగు నామె భార్యయని వ్రాయబడిన కాలము కలదు. రాజ్యమేలిన యొక యన్న పేరు ప్రశస్తులలో జారిపోయెను. ఒక తండ్రి కొడుకు కీర్తిచాటున మరుగుపడెను. ఈ ప్రమాదము లెట్లు పుట్టినవో, వేనిచేత సవరింపబడినవో విచారించుట చరిత్రకారులకే కాక, తమ యింటి వంశావళిని వ్రాయబూనిన వారికిని నుపయోగించును. ఏలయన రాజుల వంశమున జరిగిన పొరపాట్లే కరణముల యిండ్లలోను, పురోహితుల యిండ్లలోను జరుగుచుండును.

అన్నిటికంటె పెద్ద ప్రమాదము రుద్రమదేవినిగూర్చినది. వెనీసు వర్తకుడగు మార్కోపోలో ముత్ఫిలి, అనగా మోటుపల్లి, రాజ్యమును వర్ణించుచు, దానినొక రాణి యేలుచున్నదనియు, భర్త మరణించిన పిమ్మట నలువదియేండ్లుగా నామె ధర్మముతో పాలించుచున్నదనియు వ్రాసెను. తొలినాటి పరిశోధకులు కొందరు దీనిని నమ్మి, గణపతిదేవుని పిమ్మట రాజ్యమునకు వచ్చినది గనుక రుద్రమ గణపతికి భార్యయని నిశ్చయించిరి. స్త్రీ సింహాసనమెక్కినచో నామె విధవయగు రాణియే కావలెననునది లోకమున సామాన్యమగు నూహ. విదేశీయునకు రేవుపట్టణమున వినవచ్చిన మాటలో ఆ యూహ కలిసియుండుట వింత గాదు. నలువదియేండ్లను సంఖ్యయు నిలువదు. రుద్రమ పాలనము సుమారు 1262 మొదలు 1289 వరకు, అనగా నిరువదియేడేండ్లు మాత్రమే.

ఇది స్వల్పభేదమని తలపరాదు. ఆమె భార్యయైనచో రాజ్యము భర్తృపక్షమున కాపాడిన నిక్షేపమగును. పుత్రియైనచో తండ్రి తన చేతుల మీదుగా నిచ్చిన వారసత్వమగును. ప్రతాపరుద్రుడు రాజ్యమునకెట్లు అర్హుడయ్యెనను ప్రశ్నకు సమాధానమును దీనిపైననే ఆధారపడియున్నది.

సమాధానము శాసనములయందున్నది. 1261 సంవత్సరపు మల్కాపురం శాసనము గోళకీమఠాచార్యుడగు విశ్వేశ్వర శివాచార్యునికి జరిగిన దానమును చెప్పును. గణపతిదేవుడు మందడ గ్రామమును సంకల్పింపగా, అతని పుత్రి రుద్రదేవి దానిని వెలగపూడితో కూడ ధారపోసినదని యందు స్పష్టముగ నున్నది. బంధుత్వవాచకము శిలపై నున్నప్పుడు ఊహకు తావేది? విద్యానాథుని ప్రతాపరుద్రీయమునందలి నాటకప్రకరణమును ఈ యర్థమునే చెప్పుచున్నది. గణపతి తన కూతునకు పురుషోచితమగు రుద్రనామమొసగి కుమారునివలె భావించెననియు, ప్రతాపరుద్రు డామెకు దౌహిత్రుడనియు నందు తెలియును. ఆ గ్రంథము తరతరములుగా పండితుల చేతులలోనే యున్నది. కాని దాని నలంకార లక్షణములకై చదివినవా రనేకులు, వంశవిచారమునకై చదివినవా రల్పులు.

పేరునుబట్టి కూడ కొంత భ్రాంతి కలిగినది. శాసనములందు రుద్రమ పెక్కుచోట్ల రుద్రదేవ మహారాజని పుంలింగమున పేర్కొనబడినది. ఆమె పెదతాత, గణపతికి పెదతండ్రియగు రుద్రదేవుడును రుద్రదేవుడే. కాలము గుర్తింపని పాఠకునకు ఇరువు రొక్కరుగా తోతురు. వ్యాకరణము చదివినవా డిచట తడబడ నక్కరలేదు. దారశబ్దము పుంలింగము, కళత్రశబ్దము నపుంసకము, రెంటికిని భార్యయే అర్థము. శబ్దలింగమునుబట్టి వ్యక్తిలింగమును నిర్ణయింపరాదని బాలవ్యాకర్తయు నెరుగును. రుద్రమ భర్త నిడదవోలు చాళుక్యుడగు ఇందుశేఖరుని కుమారుడు వీరభద్రుడు. వారి కూతురు ముమ్మడమ్మ. ఆమె కొడుకు ప్రతాపరుద్రుడు.

ఇచట రాజ్యక్రమము వేరు, వంశక్రమము వేరు అను విషయము గమనింపదగును. రుద్రదేవుడు, మహాదేవుడు, గణపతి, రుద్రమ, ప్రతాపరుద్రుడు అని స్వతంత్ర కాకతీయ ప్రభువు లైదుగురు. వారి తరములును అయిదే. సంఖ్య సరిపోయినది గదాయని యొక్కొక్క తరమునకు నొక్కొక్క రాజును నిలిపినచో లెక్క చక్కగా కుదిరి, చరిత్ర చెడును. రుద్రదేవ మహాదేవు లన్నదమ్ములు, ఒక్క తరమువారు. గణపతి మహాదేవుని కుమారుడు. ముమ్మడమ్మ తరమున రాజ్యమేలినవారు లేరు. ఒక తరమున నిద్దరు, ఒక తరమున శూన్యము. లెక్క కుదిరినంత మాత్రమున సంశయము తీరినదనుకొనువారి కిది మంచి హెచ్చరిక.

రుద్రమ మరణకాలమును మొదట 1295 ప్రాంతమని వ్రాసినవారు కలరు. నల్లగొండ మండలమునందలి చందుపట్ల శాసనము 1289 నవంబరు 27 తేదీ గలది. రుద్రమదేవియు, మల్లికార్జున నాయకుడును శివలోకమునకేగుటను పేర్కొని, వారి పుణ్యమునకై భటుడొక డిచ్చిన భూదానమును తెలుపుచున్నది. చిన్న సేవకుని చిన్న దానము పెద్ద తేదీని దిద్దినది.

ఇక తాత పేరు మనుమనికి పెట్టు నాచారము. పాణినీయమున అపత్యాధికారమందు ఈ చిక్కు లేదు. గర్గుని కొడుకు గార్గి. మనుమడు గార్గ్యుడు. వంశమున పెద్దవాడు జీవించియుండగా ప్రపౌత్రుడు గార్గ్యాయణుడు. ప్రత్యయమే తరమును తెలుపును. తెనుగువారి యిండ్లలో తాత బేతరాజైనచో మనుమడును బేతరాజే. కాకతీయులలో బేత, ప్రోల, బేత, ప్రోల అని నాలుగు తరము లీ రెండు పేళ్లతోనే నడచినవి. ఇది చాలక గణపతిదేవుని యింకొక కూతురు గణపాంబ భర్తయు బేతరాజే. ఆయన ధరణికోటనేలిన కోటవంశపువాడు. వంశనామమును విడిచి పేరుమాత్రము గైకొన్నచో అల్లుడు తాతముత్తాతలలో చేరిపోవును.

రెండవ బేతరాజునకును రెండవ ప్రోలరాజునకును నడుమ దుర్గరాజు రాజ్యమేలెను. ఇతడు బేతరాజు కుమారుడు, ప్రోలుని యన్న. కాజీపేట దర్గా శాసనమువలన నితడు తెలియవచ్చెను. పిమ్మటి ప్రశస్తులందు నతని ప్రసక్తి లేకుండుటకు కారణ మూహింపవచ్చును. ప్రశస్తి వ్రాయించిన రాజు తన తండ్రితాతలను కీర్తింపజేసికొనునుగాని పెదతండ్రులను లెక్కింపడు. లేదని చెప్పుట వేరు, చెప్పకుండుట వేరు.

ఇట్టి మౌనమే మరింత పూర్వకాలమున నొక క్లిష్టసమస్యను కల్పించినది. గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించిన ధర్మకీర్తిసముద్రమను బయ్యారం చెరువు కడనున్న శాసనము కాకతీయుల పూర్వపురుషులను వెన్నరాజు మొదలు వరుసగా చెప్పును. అందు మువ్వురు గుండరాజులు, పిమ్మట ఎఱ్ఱరాజు, ఆ పిమ్మట పిండిగుండడు. కాని తూర్పుచాళుక్యుడగు దానార్ణవుని 956 సంవత్సరపు మాగల్లు శాసనమున గుండియ, ఎఱియ, బేతియ, అతని కొడుకు కాకర్త్య గుండ్యన యని క్రమము. ఎఱ్ఱనకును గుండ్యనకును నడుమ మాగల్లున బేతియ కలడు, బయ్యారమున లేడు.

ఏది గ్రాహ్యము? మైలాంబ ఇంటియాడుబిడ్డ, ఆమె శాసనము ఇంటిమాట యని కొంద రనవచ్చును. అది నిజమే. కాని మాగల్లు శాసనము గుండ్యన జీవించియుండగా, అతని ప్రార్థనముపై పుట్టినది. అందు బేతియ భార్య వంద్యనాంబ పేరును కలదు. తలిదండ్రుల పేళ్లను కొడుకే చెప్పికొనినచోట రెండువందలయేండ్లు గడచిన పిమ్మటి మౌనమునకు బలము చాలదు. బేతియ గొప్ప కార్యమేమియు చేయనివాడై యుండును, కావున మనుమల మనుమలు మరచిరి. వంశవృక్షమున నతనికి స్థానమీయవలసినదే.

అట్లు స్థానమిచ్చినచో నింకొకటి కూడ నొప్పుకొనవలసి వచ్చును. చరిత్రగ్రంథములలో మొదటి బేతరాజని పిలువబడువాడు, గుండ్యన కొడుకు, ఆ వంశమున నా పేరుగలవారిలో రెండవవాడు. తాత పేరే అతనికి వచ్చినది.